యూ-బూట్ డ్రైవర్ మోడల్: పొంతన బాగానే చూస్తుంది, కుదరకపోతే మాత్రం నోరు విప్పదు

ఎంబెడెడ్ బోర్డుల్లో లినక్స్‌కన్నా ముందు నడిచే బూట్‌లోడర్లలో ఎక్కువమంది చేతికి తగిలేది యూ-బూట్. 2014.04 రిలీజుతో అందులోకి డ్రైవర్ మోడల్ వచ్చింది. అంతకుముందు ప్రతి బోర్డుకూ ఒక హెడర్ ఫైలు ఉండేది. అడ్రస్‌లు, క్లాక్‌లు, ఏ డ్రైవర్ వాడాలో చెప్పే మాక్రోలు అన్నీ దాంట్లోనే. వేరు వేరు డ్రైవర్లు కావాల్సిన రెండు సీరియల్ పోర్టుల్ని ఒకే బిల్డ్‌లో ఇమడ్చడం గగనంగా ఉండేది. ఇప్పుడు హార్డ్‌వేర్ వర్ణన డివైస్ ట్రీ అనే విడి వర్ణనలో ఉంటుంది. అందులో ఒక్కో పరికరానికీ ఒక నోడ్, దాని వివరాలకు ప్రాపర్టీలు. తనకు ఏ పేర్లు తెలుసో డ్రైవర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. రెండింటికీ ముడివేసే పని డ్రైవర్ మోడల్ కోర్ చూసుకుంటుంది. ఈ సమీక్ష ఆ ముడి గురించే.

తీర్పు ముందే చెప్పేస్తే నయం. ముడివేసే పద్ధతికి పూర్తి మార్కులు ఇవ్వొచ్చు. ముడి పడనప్పుడు అది ప్రవర్తించే తీరుకు పాస్ మార్కులు కూడా కష్టం. కొత్త బోర్డు లేపేటప్పుడు పోయే రోజుల్లో పేర్లు కలవక పోయేవి తక్కువ. నోడ్ అసలు పొంతన చూసే దాకా రాకపోవడం వల్లే ఎక్కువ పోతాయి.

ముందు పద్ధతి. ఆర్‌కే3399 చిప్ సీరియల్ పోర్టు నోడ్ తీసుకోండి. దాని కంపాటిబుల్ ప్రాపర్టీలో, అంటే డ్రైవర్‌ను వెతకడానికి వాడే పేర్ల జాబితాలో, రెండు పేర్లుంటాయి: మొదటిది రాక్‌చిప్ వాళ్ల సొంత పేరు, రెండోది ఆ సర్క్యూట్ డిజైన్ (ఐపీ) తయారుచేసిన సినాప్సిస్ వాళ్ల డిజైన్‌వేర్ ఏపీబీ యూఆర్ట్ (సీరియల్ పోర్టు) పేరు. యూ-బూట్ మొదటి పేరు పట్టుకుని బిల్డ్‌లో ఉన్న డ్రైవర్లన్నిటి పట్టికలూ తిరగేస్తుంది. ఎవరూ పలకరు. రెండో పేరు తీసుకుని మళ్లీ మొదటినుంచి తిరగేస్తుంది. ఎన్‌ఎస్16550 డ్రైవర్ పట్టికలో ఆ పేరుంది కాబట్టి అది పలుకుతుంది, డివైస్ బైండ్ అవుతుంది, అంటే నోడ్‌కు ఆ డ్రైవర్ ముడిపడుతుంది. జాతకాల్లో 36 గుణాలకు 18 కలిస్తే చాలంటారు గానీ ఇక్కడ ఆ సర్దుబాటు లేదు. అక్షరం అక్షరం కలవాలి. కంపెనీ పేరు తర్వాత కామా ఉండాల్సిన చోట హైఫన్ పడిందా, సంబంధం తప్పినట్టే.

ఇక్కడ లినక్స్‌కన్నా యూ-బూట్ ఒక విషయంలో మేలు. ఒక డ్రైవర్ పట్టికలో ఏ పేరు బాగా నప్పుతుందో లినక్స్ లెక్కవేస్తుంది. కానీ ఒకే నోడ్‌కు రెండు డ్రైవర్లు పోటీపడితే ముందు రిజిస్టరైనది తీసుకుపోతుంది, అది సాదా పేరుతో కలిసినా సరే. యూ-బూట్‌లో బయటి లూప్ పేర్లది, లోపలి లూప్ డ్రైవర్లది. నోడ్‌లో ముందు రాసిన ప్రత్యేకమైన పేరుకు ఏ డ్రైవర్ పలికినా దానిదే ముందు హక్కు. సాదా పేరుతో కలిసే డ్రైవర్ ఆగాల్సిందే. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, చిప్ తయారీదారు సొంత డ్రైవర్, సాదా డ్రైవర్ రెండూ ఒకే బిల్డ్‌లో ఉంటే దీని విలువ తెలుస్తుంది.

ఒకే పేరును రెండు డ్రైవర్లు పట్టికల్లో పెట్టుకుంటే? అప్పుడు తీర్పరి అక్షర క్రమమే. డ్రైవర్లన్నీ లింకర్ లిస్టులో (బిల్డ్ చివర లింకర్ ఒకచోట పేర్చే జాబితాలో) ఉంటాయి, లింకర్ వాటిని సింబల్ పేరు ప్రకారం వరుసపెడుతుంది. అంటే డ్రైవర్ డిక్లరేషన్ మాక్రోలో ఇచ్చిన పేరు ఏ అక్షరంతో మొదలైందన్నదే గెలుపును తేలుస్తుంది. వెండర్ కోడ్‌లోంచి ఒక డ్రైవర్ కాపీ చేసి, పేరు కొద్దిగా మార్చి, పాతదాన్ని కాన్ఫిగ్‌లో ఆపకుండా వదిలేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. కొత్త కోడ్‌లో ఎన్ని ప్రింట్‌లు పెట్టినా ఒక్కటీ కనబడదు, నడుస్తున్నది పాతది కాబట్టి. డ్రైవర్ తనంతట తాను తప్పుకునే దారి కూడా ఉంది. బైండ్ ఫంక్షన్ నుంచి మైనస్ 19 (అలాంటి డివైస్ లేదన్న ఎర్రర్ నంబరు) తిరిగిస్తే, ఈ డ్రైవర్ ఒప్పుకోలేదని గ్రహించి కోర్ వెతుకులాట కొనసాగిస్తుంది.

పట్టికలో ప్రతి పేరు పక్కనా డేటా అనే గది ఉంటుంది. ఒకే డ్రైవర్ నాలుగైదు చిప్‌లకు పనిచేస్తూ, వాటి మధ్య రిజిస్టర్ల తేడాల్ని ఆ గదిలో ఒక స్ట్రక్చర్ అడ్రస్‌గా పెట్టుకుంటుంది. పట్టికకు కొత్త చిప్ పేరు చేర్చి డేటా నింపడం మర్చిపోతే విలువ సున్నా. డ్రైవర్ దాన్నే పాయింటర్‌గా వాడుతుంది. లినక్స్‌లో అయితే వెంటనే ఊప్స్ (కెర్నల్ క్రాష్ మెసేజ్) వస్తుంది. చాలా చిప్‌లలో సున్నా అడ్రస్ దగ్గర చదవదగిన మెమరీయే ఉంటుంది కాబట్టి యూ-బూట్‌లో క్రాష్ కూడా రాదు. చెత్త ఆఫ్‌సెట్లతో రిజిస్టర్లలో రాసేసి, పని జరిగినట్టే ముందుకు పోతుంది. పట్టిక చివరి ఖాళీ వరుస మరవడం ఇంకో పాత తప్పు. వెతుకులాట పట్టిక దాటి పక్క మెమరీలోకి నడుస్తుంది. ఒక బిల్డ్‌లో పనిచేసి, సంబంధంలేని లైను మార్చిన తర్వాతి బిల్డ్‌లో చచ్చిపోతుంటే ముందు ఆ వరుస ఉందో లేదో చూడండి.

ఇక మౌనం సంగతి. నోడ్‌లో ఉన్న ఏ పేరుకూ డ్రైవర్ దొరకకపోతే యూ-బూట్ దృష్టిలో అది తప్పు కాదు. ఫంక్షన్ సున్నా తిరిగిస్తుంది, అంటే సక్సెస్. డిజైన్ పరంగా ఇది సబబే. లినక్స్ కోసం రాసిన డివైస్ ట్రీలో వందలాది నోడ్లుంటాయి, బూట్‌లోడర్‌కు కావాల్సినవి పది పదిహేను. మిగతావాటన్నిటికీ వార్నింగ్ ఇస్తే కన్సోల్ నిండిపోతుంది. కానీ కావాల్సిన నోడ్ కూడా ఆ మౌనంలోనే కలిసిపోతుంది. మ్యాచ్ దొరకలేదన్న మెసేజ్ కోడ్‌లో ఉంది, డీబగ్ స్థాయిలో దాక్కుని ఉంది. డ్రైవర్స్ ఫోల్డర్ కింద కోర్‌లో ఉన్న లిస్ట్స్ అనే సి ఫైలు మొదట్లో, ఇన్‌క్లూడ్‌లన్నిటికన్నా పైన, డీబగ్ మాక్రో పెట్టి బిల్డ్ చేస్తేనే కనిపిస్తుంది. ఫలానా నోడ్లు దొరక్కపోతే గట్టిగా చెప్పు అని కాన్ఫిగ్‌లో చెప్పుకునే వీలుంటే ఈ సమీక్ష సగం పొడవుండేది.

ప్రాంప్ట్ వరకు వచ్చే బోర్డయితే పరికరాలు బాగున్నాయి. డీఎం ట్రీ కమాండ్ బైండ్ అయిన ప్రతి డివైస్‌నీ తల్లీపిల్లల వరుసలో చూపిస్తుంది: యూక్లాస్ (డివైస్ ఏ వర్గానిదో), నంబరు, ప్రోబ్ అయిందా (డ్రైవర్ దాన్ని నిజంగా పనిలోకి దింపిందా), డ్రైవర్, నోడ్ పేరు. ప్రోబ్ అయినవాటి పక్కన ప్లస్ గుర్తు ఉంటుంది. డీఎం కంపాట్ అని కొడితే బిల్డ్‌లో ఉన్న డ్రైవర్లు, వాటికి తెలిసిన పేర్లు అన్నీ వస్తాయి. ఆ జాబితాలో మీ నోడ్ కంపాటిబుల్ పేరుండి, డీఎం ట్రీలో మీ నోడ్ లేకపోతే తప్పు వర్ణన వైపు ఉంది. జాబితాలోనే లేకపోతే కాన్ఫిగ్ వైపు. ఈ రెండు కమాండ్లతో సగం దారి తేలిపోతుంది.

కాన్ఫిగ్ వైపు తప్పుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బోర్డు సెట్టింగుల ఫైలైన డెఫ్‌కాన్ఫిగ్‌లో ఆప్షన్ రాస్తారు, అది ఆధారపడ్డ మరో ఆప్షన్ ఆఫ్‌లో ఉంటుంది, ఆప్షన్లు సరిచూసే కేకాన్ఫిగ్ మారు మాట్లాడకుండా మీ లైను పీకేస్తుంది. అందుకే చూడాల్సింది డెఫ్‌కాన్ఫిగ్ కాదు, బిల్డ్ తర్వాత మిగిలిన డాట్ కాన్ఫిగ్. ఎస్‌పీఎల్‌కు (అసలు యూ-బూట్‌కన్నా ముందు నడిచే చిన్న తొలి దశకు) ఆప్షన్లు వేరే ఉంటాయన్నది కూడా గుర్తుండాలి. అసలు యూ-బూట్‌లో డ్రైవర్ ఉన్నంత మాత్రాన ఎస్‌పీఎల్‌లో ఉన్నట్టు కాదు. ప్రాంప్ట్ లేని చోట ఎన్‌ఎం టూల్‌తో ఎస్‌పీఎల్ ఎల్ఫ్ ఫైలు సింబల్స్ తీసి, డ్రైవర్ లింకర్ లిస్టులో మీ డ్రైవర్ పేరుందో లేదో చూడండి. పది సెకన్ల పని.

అసలు తిప్పలు వర్ణన వైపే. యూ-బూట్ డివైస్ ట్రీ మొత్తాన్నీ తనంతట తాను తిరగదు. రూట్ కింద ఉన్న నోడ్లను చూస్తుంది. వాటితోపాటు చోజెన్, క్లాక్స్, ఫర్మ్‌వేర్, రిజర్వ్‌డ్ మెమరీ నోడ్ల కింద ఉన్నవాటిని చూస్తుంది. అంతకన్నా లోపలికి వెళ్లాలంటే తల్లి నోడ్‌కు ఒక డ్రైవర్ బైండ్ అవ్వాలి, ఆ డ్రైవరో దాని యూక్లాసో తన పిల్లల్ని స్కాన్ చేయాలి. సింపుల్ బస్ అని రాసిన నోడ్ కింద ఉన్నవన్నీ కనబడుతున్నాయంటే సింపుల్ బస్ డ్రైవర్ బిల్డ్‌లో ఉన్నందుకే. ఎస్‌పీఎల్‌లో దాని ఆప్షన్ ఆపేస్తే ఎస్ఓసీ (చిప్) నోడ్ కింద ఉన్న సంసారమంతా మాయం.

దీనికి చక్కటి ఉదాహరణ బీగల్‌బోన్‌లో వాడే ఏఎం335ఎక్స్. లినక్స్ వాళ్లు ఆ చిప్ డివైస్ ట్రీని తిరగరాసి, ఒక్కో పెరిఫెరల్‌నీ టీఐ సిస్క్ అనే ఇంటర్‌కనెక్ట్ మాడ్యూల్ నోడ్ కిందికి జరిపారు. యూఆర్ట్ నోడ్ పేరు అలాగే ఉంది, దాని డ్రైవర్ యూ-బూట్‌లో ఉంది. అయినా టీఐ సిస్క్‌కు డ్రైవర్ లేకపోతే యూఆర్ట్ దాకా చేరే మెట్టే లేదు. యూ-బూట్‌లోకి ఆ బస్ డ్రైవర్ విడిగా తేవాల్సి వచ్చింది. తర్వాత సింపుల్ బస్ ఉన్న చోట్ల లినక్స్ ట్రీలో సింపుల్ పీఎం బస్ వచ్చింది. దానికీ యూ-బూట్‌లో వేరే డ్రైవర్, వేరే ఆప్షన్. కొత్త కెర్నల్ నుంచి డీటీఎస్ (డివైస్ ట్రీ సోర్స్) ఫైళ్లు తెచ్చుకుని పాత యూ-బూట్‌లో పెడితే కన్సోల్ చీకటైపోతుంటే, యూఆర్ట్ నోడ్ పేరును భూతద్దంతో చూస్తూ కూర్చోకండి. అక్కడినుంచి రూట్ వరకు ఒక్కో తల్లిని పైకి ఎక్కుతూ, ప్రతి మెట్టు దగ్గరా డ్రైవర్ ఉందా, అది పిల్లల్ని స్కాన్ చేస్తుందా అని చూడండి. మీరే రాసిన తల్లి డ్రైవరయితే బైండ్ ఫంక్షన్‌గా కోర్ ఇచ్చే ఎఫ్‌డీటీ స్కాన్ ఫంక్షన్ పెట్టారా లేదా చూసుకోవాలి. ఆ ఒక్క లైను లేకపోతే తల్లి మాత్రమే ట్రీలో కనిపిస్తుంది.

ఇంకో చిన్న గొయ్యి, నోడ్‌ను వాడాలో వద్దో చెప్పే స్టేటస్ ప్రాపర్టీ. లినక్స్ 'ఓకే' అని రెండక్షరాల ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఉన్నా ఒప్పుకుంటుంది, నాలుగక్షరాలదీ ఒప్పుకుంటుంది. యూ-బూట్ నాలుగక్షరాలదే తీసుకుంటుంది. రెండక్షరాలది తప్పని, దయచేసి మీ డివైస్ ట్రీ సోర్స్ సరిదిద్దుకోమని కోడ్‌లో కామెంట్ కూడా రాసిపెట్టారు. స్పెసిఫికేషన్ ప్రకారం వాళ్లదే రైటు. కానీ 'లినక్స్‌లో పనిచేస్తోంది కదా' అని ఆ వైపే చూడని వాళ్లకు ఈ రెండక్షరాలు ఒక పూట తినేస్తాయి.

రీలొకేషన్‌కు (యూ-బూట్ తనను తాను ర్యామ్‌లో వేరే చోటికి మార్చుకోవడానికి) ముందు దశకూ ఎస్‌పీఎల్‌కూ నిబంధన ఇంకా గట్టిది. అక్కడ నోడ్‌కు బూట్ ఫేజ్ గుర్తు ఉండాలి. బూట్‌పీహెచ్ ఆల్ అన్నది అన్ని దశలకూ, ప్రీ ర్యామ్ ఎస్‌పీఎల్‌కు, ప్రీ ఎస్‌ర్యామ్ టీపీఎల్‌కు (ఎస్‌పీఎల్‌కన్నా ముందు దశకు), సమ్ ర్యామ్ రీలొకేషన్‌కు ముందరి యూ-బూట్‌కు. 2023కు ముందు ఇవే యూ-బూట్ కామా డీఎం అంటూ మొదలయ్యే పేర్లతో ఉండేవి. పాత బ్లాగులు చదివి ఆ పేర్లు వాడే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుర్తు లేని నోడ్లను ఎఫ్‌డీటీగ్రెప్ టూల్ ఎస్‌పీఎల్ డీటీబీలోంచి (డీటీఎస్ కంపైలైన రూపంలోంచి) బిల్డ్ సమయంలోనే కోసేస్తుంది. అంతటితో ఆగదు, మిగిల్చిన నోడ్లలోంచి కొన్ని ప్రాపర్టీలనూ తీసేస్తుంది. ఇంటరప్ట్‌లు ఎలాగూ పోతాయి. ఎస్‌పీఎల్‌లో క్లాక్, పిన్ కంట్రోల్ డ్రైవర్లు లేకపోతే వాటి ప్రాపర్టీలు కూడా పోయేలా డీఫాల్ట్ ఉంటుంది. కాబట్టి మీరు రాసిన డీటీఎస్ చూసి ధైర్యం తెచ్చుకోవడం వృథా. ఎస్‌పీఎల్ ఫోల్డర్‌లో తయారైన డీటీబీని డీటీసీతో (డివైస్ ట్రీ కంపైలర్‌తో) వెనక్కి డీటీఎస్‌గా మార్చి చదవండి. గుర్తు యూఆర్ట్‌కు మాత్రమే పెట్టి తల్లి బస్ నోడ్‌కు పెట్టకపోవడం అందరూ చేసే తప్పు. రీలొకేషన్‌కు ముందు తల్లిని దాటేస్తే పిల్ల దాకా ఎవరూ పోరు. అలాగని కనబడ్డ ప్రతి నోడ్‌కూ బూట్‌పీహెచ్ ఆల్ తగిలించడం ఇంకో రకం తప్పు. రీలొకేషన్‌కు ముందున్న మాలక్ జాగా (నడిచేటప్పుడు అడిగి తీసుకునే మెమరీ) చాలా బోర్డులలో కిలోబైట్లలోనే ఉంటుంది. అది నిండితే మైనస్ 12 (మెమరీ చాలదన్న ఎర్రర్) వస్తుంది, డ్రైవర్‌కు ఏ పాపమూ తెలియకపోయినా.

ఈ గుర్తులు పెట్టడానికి యూ-బూట్ డీటీఎస్‌ఐ అనే అదనపు ఫైలు పద్ధతి ఉంది. బోర్డు పేరుతో ఉన్నదాన్ని, లేకపోతే చిప్ పేరుతో ఉన్నదాన్ని, అదీ లేకపోతే సీపీయూ, తర్వాత వెండర్ పేర్లతో ఉన్నదాన్ని బిల్డ్ తనంతట తానే కలుపుకుంటుంది. లినక్స్ నుంచి వచ్చిన డీటీఎస్ ముట్టుకోకుండా పని జరిగిపోతుంది, చాలా మంచి ఏర్పాటు. మెలిక ఏమిటంటే, దొరికిన మొదటి ఫైలును మాత్రమే కలుపుతుంది. ఇన్నాళ్లూ చిప్ పేరుతో ఉన్న ఫైలు మీద బోర్డు హాయిగా బూట్ అవుతుంటుంది. ఒక ఎల్ఈడీ కోసం మీరు బోర్డు పేరుతో కొత్త ఫైలు సృష్టిస్తారు. ఆ క్షణం నుంచి చిప్ ఫైలు పక్కకు పోతుంది, దాంతోపాటు సీరియల్, ఎంఎంసీ, డీర్యామ్ గుర్తులన్నీ పోతాయి. కొత్త ఫైలు మొదటి లైనులోనే చిప్ ఫైలును ఇన్‌క్లూడ్ చేసుకోండి. బిల్డ్‌కు డివైస్ ట్రీ డీబగ్ వేరియబుల్ 1 అని ఇస్తే ఏ ఫైళ్లు పరిశీలించి ఏది తీసుకుందో చెబుతుంది. ఈ టూల్‌కు మాట వచ్చిన అరుదైన చోటు ఇది.

అన్నీ సరిగ్గా ఉన్నా ట్రీలో మార్పు కనబడకపోతే, యూ-బూట్ చదువుతున్నది మీ డీటీబీయేనా అని అనుమానించాలి. క్యూఈఎంయూ ఎమ్యులేటర్ వర్ట్ మెషిన్‌లోనూ రాస్ప్‌బెర్రీ పై 64 బిట్ బిల్డ్‌లోనూ డివైస్ ట్రీ ముందు దశ నుంచి వస్తుంది. యూ-బూట్ సోర్స్‌లో డీటీఎస్ ఎంత దిద్దినా అక్కడ ఒరిగేదేమీ లేదు. ప్రాంప్ట్ దగ్గర ఎఫ్‌డీటీ కంట్రోల్ అడ్రస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంటుంది. ఎఫ్‌డీటీ కమాండ్‌కు ఆ అడ్రస్ ఇచ్చి నోడ్ ప్రింట్ చేస్తే నిజంగా వాడుతున్నదేదో కనిపిస్తుంది. కెర్నల్‌కు పంపే డీటీబీ వేరు, యూ-బూట్ తనకోసం వాడుకునేది వేరు. ఈ రెండూ కలగాపులగం చేసుకోకండి.

బైండ్ అయింది, ప్లస్ గుర్తు మాత్రం రాలేదంటే భయపడక్కర్లేదు. ఎవరైనా అడిగేదాకా యూ-బూట్ ప్రోబ్ చేయదు. వాడని ఈథర్‌నెట్‌కోసం బూట్ సమయం వృథా కాదు. ఈ బద్ధకం మంచి బద్ధకమే. అడిగాక ఫెయిలైతే వచ్చే నంబర్లు చదవడం నేర్చుకోవాలి. మైనస్ 2, మైనస్ 22 చాలావరకు ప్రాపర్టీ లేకపోవడమో, తప్పుగా ఉండడమో. ఎన్‌ఎస్16550 విషయంలో క్లాక్ ఫ్రీక్వెన్సీ దొరక్కపోతే మైనస్ 22. ఆ డ్రైవర్‌లోనే రెజ్ షిఫ్ట్ (రిజిస్టర్ల మధ్య ఎడం చెప్పే ప్రాపర్టీ) మరిస్తే ఏ నంబరూ రాదు, అక్షరమూ రాదు, ఎందుకంటే డీఫాల్ట్ సున్నా. రాక్‌చిప్, ఆల్‌విన్నర్ పోర్టులకు 2 కావాలి. మైనస్ 96 వస్తే డ్రైవర్ ఉంది గానీ దాని యూక్లాస్ బిల్డ్‌లో లేదని అర్థం. ఎక్కడా లేని ఈ వింత నంబరును వెంటనే గుర్తుపట్టాలనే కావాలని ఎంచుకున్నారు. ఎవరి ఆలోచనో గానీ, దండం పెట్టాలి.

సీరియల్ డ్రైవరే దొరకనప్పుడు యూ-బూట్ ప్యానిక్ అవుతుంది, ఆ ప్యానిక్ చెప్పడానికి సీరియల్ ఉండదు. డీబగ్ యూఆర్ట్ ఆప్షన్ ఉన్నది ఇందుకే. బేస్ అడ్రస్, క్లాక్ కాన్ఫిగ్‌లో నేరుగా ఇస్తే డివైస్ ట్రీతో పనిలేకుండా అక్షరాలు బయటికొస్తాయి. ఏఎం335ఎక్స్‌కు క్లాక్ 4,80,00,000. ఆర్‌కే3399కు 2,40,00,000, బాడ్ రేటు 15,00,000. 1,15,200 పెట్టుకుని చెత్త అక్షరాలు చూసి డ్రైవర్‌ను అనుమానించేవాళ్లు కోకొల్లలు. కొత్త బోర్డు మీద మొదటి రోజు మొదట ఆన్ చేయాల్సిన ఆప్షన్ ఇది, డబ్బా విప్పకముందే.

ఎస్‌ర్యామ్ (చిప్ లోపలి చిన్న మెమరీ) మరీ ఇరుకైన చోట డీటీబీని, దాన్ని చదివే లైబ్రరీని కూడా మోయలేరు. అక్కడ డీటాక్ అనే టూల్ నోడ్లను బిల్డ్ సమయంలోనే సి స్ట్రక్చర్లుగా మార్చేస్తుంది. అప్పుడు పొంతన చూసేది కంపాటిబుల్ పట్టికతో కాదు, కామా, హైఫన్ల స్థానంలో అండర్‌స్కోర్ పెట్టి తయారుచేసిన డ్రైవర్ పేరుతో. డ్రైవర్‌కు ఆ పేరు లేకపోతే ఎలియస్ మాక్రో పెట్టాలి. పనిచేస్తుంది గానీ, డ్రైవర్ కోడ్‌లో రెండు దారులు రాయాల్సి వస్తుంది. తప్పదనుకుంటే తప్ప అటు పోవద్దు.

పోల్చి చూడాలంటే బేర్‌బాక్స్ ఉంది. 2007లో యూ-బూట్ రెండో వెర్షన్‌గా విడిపోయి, 2009లో పేరు మార్చుకున్న ప్రాజెక్టు అది. దాని డ్రైవర్ పట్టికలు లినక్స్‌కు చాలా దగ్గర. కెర్నల్ డ్రైవర్ రాసిన చెయ్యి అక్కడ తడబడదు. డెవ్‌ఇన్ఫో కమాండ్ డివైస్‌ల గురించి, డీఆర్‌వీఇన్ఫో డ్రైవర్ల గురించి చెబుతాయి. వాడుకరి అనుభవం వరకు అదే హాయి. కానీ మీ చిప్ తయారీదారు ఇచ్చే బీఎస్‌పీ (బోర్డు సపోర్ట్ సాఫ్ట్‌వేర్) యూ-బూట్ మీదే ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, ఎంపిక మీ చేతిలో లేకపోవచ్చు.

2024లో యూ-బూట్ సోర్స్‌లోకి లినక్స్ డీటీఎస్ ఫైళ్లను ఒక సబ్‌ట్రీగా తెచ్చారు. ఆఫ్ అప్‌స్ట్రీమ్ ఆప్షన్ పెట్టుకున్న బోర్డు నేరుగా వాటినే వాడుతుంది. ఏళ్ల తరబడి చేత్తో కాపీ చేసిన పాత ఫైళ్ల బెడద పోయింది. బదులుగా, ఆ సబ్‌ట్రీ కొత్త కెర్నల్‌కు మారిన ప్రతిసారీ ఏఎం335ఎక్స్ మాదిరి బస్ మార్పులు మీ ప్రమేయం లేకుండానే మీ బోర్డుకు వచ్చి చేరతాయి. ఈ ఆప్షన్‌కు మారేముందు, బాగా బూట్ అవుతున్న బిల్డ్ మీద డీఎం ట్రీ అవుట్‌పుట్ ఒక ఫైల్లో దాచుకోండి. ప్రతి రిలీజుకూ కొత్తదానితో డిఫ్ తీయండి. మాయమైన వరుస ఏదైనా ఉంటే అందులోనే బయటపడుతుంది.